పద్మలత మళ్ల బోర్డు ముంగట కూసున్నది

కరీంనగర్
జూన్ 14

పద్దీ,

నిన్న మీ ఇంటికి వచ్చిన సంగతి నీకు తెలుసు. గోడకు ఇవతల నేను, అవతల నువ్వు. మీ అత్త ఐలవ్వ చాయ్ ఇచ్చింది, సర్వపిండి పెట్టింది. "లోపట డయాలసిస్ బ్యాగు పెట్టుకున్నది బిడ్డా, గప్పుడు తలుపు తెరవద్దంటరు డాక్టర్లు" అన్నది. సరే, అయ్యేదాక కూసుందాం అనుకున్న. ఇంకో చాయ్ తాగిన. మీ గల్లీల ముచ్చట్లన్ని విన్న. మీ ఆయన కైలాసమన్న బొగ్గుగని డ్యూటీ దిగి వచ్చిండు. నా బస్సు టైమైంది. నువ్వు మాత్రం బయటికి రాలే. పోయేటప్పుడు కిటికీ కాడ నిలవడి "పద్దీ, పోతున్ననే" అన్న. పరద కదిలింది.

ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. కైలాసమన్నకు చేస్తే "పండుకున్నది చెల్లె" అంటడు. పొద్దున చేసినా పండుకున్నదే, మాపటికి చేసినా పండుకున్నదే.

ఏడో తరగతి సంది ఒకటే బెంచి. పెద్దగైనంక ఒకటే క్యారమ్ బోర్డుకు నువ్వటు, నేనిటు. డబుల్స్‌ల మన పేర్లు చూసి ఎదుటోళ్లు మొఖం మాడ్చుకునేది. గసొంటి నాకు నీ కిడ్నీలు ఖరాబైన సంగతి బజార్ల ఎవరో చెప్తే తెలిసింది. మంచిర్యాల దవాఖానల మిషన్ మీద రక్తం శుద్ధి చేయించుకున్నవట. ఈ ఏడాది సంది ఇంట్లనే కడుపులకు మందునీళ్లు ఎక్కించుకునే డయాలసిస్‌కు మారినవట. అన్నీ "అట" మాటలే.

ఫోన్ ఎత్తకుంటే ఉత్తరం రాస్త. నువ్వు చింపేస్తే ఇంకోటి రాస్త. నేను బడి పంతులమ్మను, రాసుడు నాకు అలవాటే.

నీ
మమతారాణి

*

నస్పూర్
జూన్ 22

మమతకు,

ఉత్తరం అందింది. నేను బాగనే ఉన్న. నా కడుపుకు సన్న పైపు ఒకటి పెట్టిండ్రు. దాంట్లకెల్లి రెండు లీటర్ల మందునీళ్లు లోపటికి పోతయి. కొన్ని గంటలు ఉండి, ఒంట్లె చెడునంత పట్టుకొని బయటికొస్తయి. మళ్ల కొత్త బ్యాగు. రోజుకు నాలుగు. వారానికి మూడుమార్లు దవాఖానకు తిరుగుడు తప్పింది, నీ అదృష్టం అంటున్నరు అందరు. నేను గూడ అదే అంటున్న.

తలుపు తీయలేదని నీకు బాధైంది. గోదావరిఖని ఫైనల్ నాడు నేను గూడ కూసున్న. బోర్డు మీద పౌడర్ చల్లి, కాయిన్స్ పేర్చి, నీ కుర్చీ దిక్కే చూసుకుంట. అంపైర్ గడియారం చూసిండు. నువ్వు రాలే. ఫోన్ ఎత్తలే. ఎన్కకు గూడ ఒక్క మాట చెప్పలే. ఆడకుంటనే ఓడినట్టు వాకోవర్ రాసిచ్చి ఒక్కదాన్నే బస్సెక్కిన. ఐదేండ్లాయె. పెద్ద ఇల్లు కట్టినవ్, ప్రమోషన్ వచ్చింది, ఇగ పద్మలత ఎందుకు అనుకున్నవేమో అనుకున్న.

గిప్పుడు జాలికి వచ్చినవా? వద్దు.

ఇగ రాయకు.

పద్మలత

*

కరీంనగర్
జూన్ 29

పద్దీ,

కోపంగనన్న రాసినవ్. సంతోషం. ఏం రాయకుంటేనే భయపడేదాన్ని.

ఆ ఫైనల్ సంగతి చెప్త. మా ఆయనకు తప్ప ఈ భూమ్మీద ఎవ్వలకు తెల్వది.

ఆ ఏడాది నాకు ఆపరేషన్ అయింది. గర్భసంచిల గడ్డలని, రక్తం పోవుడు ఆగుతలేదని, సంచితోని పాటు అండాశయాలు గూడ తీసేసిండ్రు. "ఇగ నెలనెలా బాధ లేదు, హాయిగ ఉండు" అని పంపిండ్రు. కుట్లు మానినయి. నేను మానలే. నిద్ర పోయింది. ఒంట్లె ఉన్నట్టుండి ఆవిర్లు. బడిల పిల్లగాళ్లు "గుడ్ మార్నింగ్ టీచర్" అంటే ఏడుపు. అన్నం చూస్తే మన్ను లెక్క. పొద్దున లేస్తే, ఎందుకు లేవాలె అనేదే మొదటి ఆలోచన.

ఆ రోజు నేను తయారైన పద్దీ. మన నీలం టీషర్టు వేసుకున్న. బూట్లు గూడ తొడుక్కున్న. మంచం మీద కూసోని లేస్, లేస్ అని నాకు నేనే చెప్పుకున్న. కాళ్లు లేస్తలేవు. నువ్వు ఫోన్ చేసుకుంటనే ఉన్నవ్. అది మోగుతుంటే చూసుకుంట పొద్దుమూకేదాక అట్లనే కూసున్న. ఎన్కకు నీకు చెప్దామంటే ఏమని చెప్పాలె? కాలిరిగిందంటే జనం నమ్ముతరు. మనసు కూలబడ్డదంటే "తిని కూసుంటే గట్లనే అయితది" అంటరు. నేను జీవశాస్త్రం చెప్పేదాన్ని. హార్మోన్ల పాఠం బోర్డు మీద బొమ్మ గీసి చెప్తా. నాదాక వస్తే ఒక్క ముక్క అక్కరకు రాలే.

ఆఖరికి మా ఆయన మనసు డాక్టర్ కాడికి తీసుకపోయిండు. రెండేండ్లు గోలీలు వాడిన. బడిల అడిగితే బీపీకి అని చెప్పిన. మెల్లగ బయటపడ్డ. బయటపడ్డంక నీకు మొఖం చూపించనీకె శరమైంది. రేపు పోత, ఎల్లుండి పోత అనుకుంట ఐదేండ్లు పోయినయి.

మొన్న నీ కిటికీ పరద కదులుడు చూసిన గదా, గా మంచం మీద కూసున్న నేనే యాదికొచ్చిన. జాలి కాదే. గుర్తువట్టిన.

నిజం చెప్పు. నువ్వు బాగనే ఉన్నవా?

మమత

*

నస్పూర్
జూలై 9

మమతా,

నీ ఉత్తరం చదివినదే చదివిన. బూట్లు తొడుక్కొని కూసున్నవు అన్న కాడ ఆగిపోయిన. ఆ దినం నిన్ను ఎన్ని మాటలు అనుకున్ననో. నీకు గంత కష్టమొస్తే నాకు తెల్వకపాయె.

నేను బాగ లేను.

డయాలసిస్ షురూ అయిన కొన్ని నెలలకే నా నెలసరి ఆగిపోయింది. ఇంకా నలభై మూడే గదా అనుకున్న. రోగంల గదొక లెక్కనా అని ఎవ్వలకు చెప్పలే. నువ్వు రాసిన ఆవిర్లు నాకు గూడ వస్తయి. నిద్ర రాదు. కైలాసం మంచిగ మాట్లాడినా చికాకు లేస్తది, మాట్లాడకుంటే ఏడుపు వస్తది. గది తలుపు పెట్టుకుంటే పానం నిమ్మళం. ఈ బ్యాగు పుణ్యాన ఎవ్వలు లోపటికి రారు. అందుకే బ్యాగు అయిపోయినా బయటికి పోను.

ఇంకో మాట. ఇది చదివి నన్ను తిట్టకు. మధ్యాహ్నం బ్యాగు నేను ఎక్కించుకుంటలేను. నీళ్లు మోరిల పారబోసి ఖాళీ బ్యాగు డబ్బల వేస్తున్న, ఎక్కించుకున్నట్టే కనవడాలెనని. మొదలు ఒక దినం చేసిన. ఏం కాలే. ఇప్పుడు శానా దినాల సంది గదే పని. కాళ్లు వాస్తున్నయి. మెట్లెక్కితే దమ్ము వస్తది. చావాలెనని కాదు మమతా. బతుకుడు మీద పట్టింపు లేకుంట పోయింది, గంతే.

"గసొంటి రోగమొస్తే ఎవ్వలకు రంధి, దిగులు ఉండదు బిడ్డా" అంటది మా అత్త. నిజమే గదా. ఇది రోగంల భాగమే గదా. దీనికి వేరే మందు ఉంటదా?

పద్ది

*

కరీంనగర్
జూలై 12

పద్దీ,

తిట్టను. కానీ ఊకోను గూడ. ఈ ఉత్తరం పోస్టుల వేస్తలేను, బస్సు కండక్టర్‌కు ఇచ్చి పంపుతున్న, మాపటికి నీ చేతికొస్తది.

నీ ఉత్తరం అందంగనే కైలాసమన్నకు ఫోన్ చేసిన. బ్యాగుల సంగతి చెప్పలే, అది నువ్వే చెప్పాలె. "రేపే కరీంనగర్ తీసుకరా, ఆమె దమ్ము బాగలేదు" అని మాత్రం చెప్పిన. ఈడ నీ కిడ్నీ డాక్టర్‌కు చూపిచ్చుకోవాలె, అన్నిటికంటె మొదలు అది. ఆయనకు అబద్ధం చెప్పకు. ఇవ్వాల్టి సంది నాలుగు బ్యాగులు ఎక్కించుకో, నా మీద ఒట్టు.

ఆడికెల్లి అదే దవాఖానల మనసు డాక్టర్ ఉన్నది, నన్ను బాగు చేసిన సృజన మేడం. నేను వాకిట్ల కూసుంట. లోపటికి నువ్వు ఒక్కదానివే పో. నేను లోపట ఉంటే నాకోసం నవ్వుతవ్, నీ సంగతి నాకు తెలుసు.

బస్టాండ్‌లనే నిలవడి ఉంట. ఈసారి తప్పకుంట వస్త.

మమత

*

నస్పూర్
జూలై 27

మమతా,

దవాఖానల నువ్వు వాకిట్లనే ఉన్నవ్ గనక లోపట ఏమైందో నీకు తెల్వది. వారం ఆడనే పండవెట్టి ఒంట్లె నీరు తీసిండ్రు, గదంత నువ్వు చూసిందే. సృజన మేడం కాడ జరిగింది చెప్త.

నేను కుర్చీల కూసొని "కిడ్నీలు పోయినోళ్లకు రంధి ఉంటది గదా మేడం" అన్న, మా అత్త మాటే. ఆమె తల ఊపింది. "ఉంటది. కానీ కిడ్నీలు పోయినోళ్లకు రక్తం తక్కువైతే, అది రోగంల భాగమే అని వదిలేస్తున్నమా? సూది ఇస్తున్నం గదా. ఇది గూడ అంతే" అన్నది.

నెలసరి సంగతి అడిగింది. ఇన్నేండ్లల డాక్టర్లు నా ఉప్పు, నీళ్లు, బీపీ అన్నీ అడిగిండ్రు, గిది ఎవ్వలడగలే. నేను గూడ చెప్పలే. కాగితం మీద ఒక తలకాయ బొమ్మ గీసి చెప్పింది. కిడ్నీలు దెబ్బతింటే ఒంట్లె హార్మోన్లు తారుమారైతయట. శానామంది ఆడోళ్లకు నెలసరి తొందరగ ఆగిపోతదట. ఆడోళ్ల ఒంట్లె ఈస్ట్రోజెన్ అని ఉంటది, అది ఒట్టి పిల్లల కోసమే కాదట. మెదడుల సెరటోనిన్ అని ఒక రసాయనం ఉంటదట. నిద్ర, ఆకలి, మనసు కుదురుగ ఉండుడు, అన్నిట్ల దాని చెయ్యి ఉంటదట. ఈస్ట్రోజెన్ ఉన్నన్ని దినాలు దానికి సాయం చేస్తది. ఉన్నట్టుండి తగ్గితే కొందరికి మనసు కుదేలైతది. "అందరికి కాదు. మీ ఇద్దరికి అయినట్టుంది" అన్నది. నువ్వు వాకిట్ల ఉన్నవని ఆమెకు తెలుసు!

"అయితే నాకు గా సెరటోనిన్ పరీక్ష చేయుండ్రి మేడం" అన్న.

నవ్వింది. "మెదడుల ఉన్నది చేతి నరంల దొరకదు పద్మలతా. అందుకే మీరు చెప్పాలె, నేను వినాలె. ఇదొక్కటే కారణమని గూడ నేననను. రక్తం తక్కువున్నది, అది గూడ మనిషిని గుంజుతది. థైరాయిడ్ చూద్దాం. ఇంట్లనే డయాలసిస్ అంటే మంచిదే, కానీ నర్సు మీరే, పేషెంటు మీరే, గదిల ఇంకో మనిషి లేదు. అలసిపోతరు."

హార్మోన్ గోలీలు ఇస్తరా అంటే, నాకున్న బీపీకి, గుండెకు అవి ఇప్పుడే వద్దన్నది. మనసుకు తక్కువ మోతాదుల గోలీ రాసింది, కిడ్నీ డాక్టర్‌తోని ఫోన్ల మాట్లాడినంకనే. పదిహేను దినాలకోమారు వచ్చి ఆమెతోని మాట్లాడాలెనట.

గప్పుడు "బ్యాగులు అన్నీ ఎక్కించుకుంటున్నరా?" అని అడిగింది. నిజం చెప్పిన. కైలాసాన్ని పిలుస్తనన్నది, సరేనన్న. ఆయన వచ్చిండు, మొత్తం విన్నడు, నేల దిక్కు చూసుకుంట కూసున్నడు. కొడ్తడేమో అనిపించింది, ఎన్నడు కొట్టనోడు. ఆఖరికి "గదిల నీతోని ఇంకొకలు ఉండొచ్చా? మాస్కు కట్టుకొని?" అన్నడు. నన్ను కాదు, మేడంను అడిగిండు. చేతులు శుభ్రంగ కడుక్కొని, మాస్కు కట్టుకుంటే ఉండొచ్చన్నది. "అయితే మధ్యాహ్నం బ్యాగుకు నేనుంట. రాత్రి షిఫ్టు అడుగుత. మాట్లాడను పద్మా, ఊకె కూసుంట" అన్నడు.

కూసుంటుండు మమతా. మాట్లాడను అన్నోడు నోరు మూస్తలేడు. మాస్కుల నుంచి సగం సమజయితది, సగం కాదు.

గోలీలు తింటే కడుపుల తిప్పినట్టు అయితుంది. ఇంకా మార్పేం లేదు. అయినా రాస్తున్న చూడు.

పద్ది

*

కరీంనగర్
ఆగస్టు 10

పద్దీ,

తిప్పుతది. నాకు గూడ మొదట్ల గట్లనే అయింది. గోలీ తిన్న రెండో దినమే లేచి ఎగురుతవనుకుంటే అది తప్పు, కొన్ని వారాలు పడ్తది. నడుమల నీ అంతట నువ్వు బంద్ చెయ్యకు. ఏమన్న తేడా అనిపిస్తే మేడంకు ఫోన్ కొట్టు, నాక్కాదు. నేను పంతులమ్మనే, డాక్టర్‌ను కాను.

ఈ వారం ఏం తిన్నవ్, ఏం చూసినవ్, ఎవ్వల మీద కోపమొచ్చింది, అన్నీ రాయి. మంచి సంగతులే రాయాలెనని లేదు.

కైలాసమన్న గురించి ఒక మాట. బడిల కూసొని నీ ఉత్తరం చదువుకుంట నవ్విన. పక్కనున్న సారు ఏందన్నడు. "నా సోపతిగత్తె మొగుడు మాస్కుల మాట్లాడుతున్నడట" అన్న. ఆయనకేం సమజ్ కాలే.

మమత

*

నస్పూర్
అక్టోబర్ 19

మమతా,

ఇవ్వాల నీకో వార్త. నాకు మస్తు కోపమొచ్చింది.

మొదటి సంది చెప్త. నెల సామాను వచ్చింది, బ్యాగుల డబ్బలు. పేరుస్తుంటే అడుగున ఏదో కర్రది కనవడ్డది. నా క్యారమ్ బోర్డు! డబ్బలకు నేల చెమ్మ తగలొద్దని కైలాసం కింద ఏసిండట. నా బోర్డును! "గింత పెద్ద ఇంట్ల ఇంకో చెక్క దొరకలేదా?" అని అరిసిన. నేను గట్టిగ మాట్లాడి ఎన్ని నెలలైందో. మా అత్త ముంగట అర్రలకెల్లి ఉరికొచ్చింది, ఏమైందోనని.

బోర్డు తుడిసిన. నడుమల కొంచెం వంగింది, గానీ ఆడొచ్చు. పౌడర్ లేదు, పసిపిల్లల పౌడర్ చల్లిన. ఎదురుంగ ఎవ్వలు? కైలాసానికి స్ట్రైకర్ పట్టుడే రాదు. మా అత్త "నేను కూసుంట" అన్నది.

డెబ్బై దాటిన మనిషి. ఒక్క కాయిన్ గూడ పోదనుకున్న. పోతున్నయి! ఎట్లనో చూస్తే, నేను అటు తిరగంగనే కొంగుతోని కాయిన్‌ను మూలనున్న జాలెకాడికి నూకుతుంది. "అత్తా, దొంగాట!" అన్న. "కొంగు గాలికి తగిలింది బిడ్డా" అంటది. ఫ్యాన్ బందున్నది. గంత కోపమొచ్చింది, మళ్ల మొదటి సంది ఆడుదాం అన్న. మళ్ల దొంగాటే. మళ్ల ఆడినం. మూడో ఆటకు నాకు ఆకలైంది. ఆకలి, మమతా! ఆటల పడి మాడిన కూర తోటి అన్నం తిన్న, మంచిగనిపించింది.

సృజన మేడంకు చెప్తే కుర్చీ మీద ఎనుకకు ఆనుకొని నవ్వింది. "మీ అత్తగారిని నా దగ్గర పనికి పెట్టుకుంట" అన్నది. సూదులతోని రక్తం గూడ పెరిగింది. నిద్ర వస్తుంది. ఇంకా చెడ్డ దినాలుంటయి, మొన్న ఒక దినం పొద్దంత గోడ దిక్కే తిరిగి పండుకున్న. కానీ తెల్లారి లేచిన. ఇది ముందు ఉండకపోయేది. ఒక చెడ్డ దినం పక్కన ఇంకో చెడ్డ దినమే ఉండేది.

పాత షాట్లు రావు. దినాం ఆడుతున్న.

పద్ది

*

కరీంనగర్
జనవరి 17

పద్దీ,

గట్టిగ ఊపిరి పీల్చుకొని చదువు. మార్చిల ఆదిలాబాద్‌ల ఆడోళ్ల క్యారమ్స్ పోటీలు పెడుతున్నరు, ఉత్తర తెలంగాణ జిల్లాలన్నిటికి. సింగిల్సే. ఆ పోటీల సెక్రటరీ సిద్దిరాములు మనకు తెలిసినాయనే, మునుపు మన మ్యాచులకు స్కోరు రాసేటోడు.

నేను రాలేను. పదో తరగతి పరీక్షల డ్యూటీ పడ్డది, సెలవు పుట్టదు. ఇది నిజం, నువ్వు కావాల్నంటే మా హెడ్మాస్టర్‌కు ఫోన్ చెయ్. నువ్వు నిలవడాలె. గెలువుమంటలేను. నీ పేరు మళ్ల ఆ గోడ మీది కాగితంల చూడాలెనని ఉన్నది.

మమత

*

నస్పూర్
ఫిబ్రవరి 20

మమతా,

పేరు ఇచ్చిన. ఇచ్చినంక లొల్లి షురూ.

సిద్దిరాములన్న ఫోన్ చేసిండు. ఎవ్వలు చెప్పిండ్రో, డయాలసిస్ సంగతి తెలిసింది. "అక్కా, మీరంటే మాకు గౌరవం. చూడనీకె రాండ్రి, ముంగట కుర్చీల కూసోపెడ్త, శాలువా కప్పుతం. ఆడుడు మాత్రం వద్దక్కా. మీకేమన్న అయితే మా మీదికి వస్తది" అన్నడు.

గీ మాట పోయిన ఏడాదైతే సరేనని ఫోన్ పెట్టేద్దును. నా లోపల ఏదో లేచి నిలవడ్డది.

"అన్నా, నాకు ఏమన్న అయ్యేది ఆడకుంటే అయ్యేది. ఆడకుంట ఇంట్ల తలుపు పెట్టుకొని ఉన్నన్ని దినాలు అయింది గూడ. శాలువా వద్దు. నాకొక శుభ్రమైన గది గావాలె, కిటికీలు మూసేది. తలుపు లోపట గొళ్లెం ఉండాలె. మధ్యాహ్నం కొద్ది సేపు నాకు వదిలేయుండ్రి. డాక్టర్ల కాగితం తెస్త. గంతే."

"స్టోర్ రూం ఉన్నదక్కా, బూజు పట్టి ఉంటది" అన్నడు.

"బూజు మా ఆయన దులుపుతడు" అన్న.

కిడ్నీ డాక్టర్ రాసిచ్చిండు. సృజన మేడం గూడ రాసిచ్చింది, "ఆడాలె" అని కింద గీత గీసి మరీ.

పద్ది

*

ఆదిలాబాద్
మార్చి 22

మమతా,

ఫోన్ల "గెలిచిన" అని ఒక్కటే మాట చెప్పి పెట్టేసిన. నీకు కోపమొచ్చి ఉంటది. కానీ గిదంత ఫోన్ల చెప్తే వట్టిగ పోతది. లాడ్జిల కూసొని రాస్తున్న, ఇంకా పొద్దుగూకలే, కింద బజార్ల కొట్లాడినట్టు మరాఠీ, తెలుగు కలిపి బేరాలాడుతున్నరు.

ముందుదినం బస్సుల వచ్చినం. కైలాసం ఒళ్లె బ్యాగుల డబ్బ. కండక్టర్ "ఏందన్నా, సెలైన్ దుకాణమా?" అన్నడు. "మా ఆమె ఆడనీకె పోతున్నది" అన్నడు ఈయన, జవాబుకు ప్రశ్నకు ఏం పొత్తు లేదు. ఆసిఫాబాద్ దాటేదాక బస్సుల అందరికి అదే చెప్పిండు.

ఆయన పొద్దుగాలనే స్టోర్ రూం కడిగిండు. బల్ల తుడిసి, కిటికీలు మూసి, నా బ్యాగు తగిలించనీకె గోడకు మేకు కొట్టిండు. వాకిట్ల కుర్చీ వేసుకొని కాపలా కూసున్నడు. నేను లోపట మాస్కు కట్టుకొని బ్యాగు మార్చుకుంటుంటే, బయట ఎవరో తలుపు తట్టిండ్రు. "స్టేడియం మీదే కావచ్చు, గీ గది మాత్రం మాది" అని ఈయన గొంతు వినవడ్డది.

మొదటి రెండు ఆటలు సులువుగ గెలిచిన. సెమీల మంచిర్యాల ఆమె, కష్టమైంది, మూడు గేములు పోయింది. ఫైనల్ వెంటనే పెడ్తమన్నరు. నా బ్యాగు టైమైంది. కొద్దిసేపు ఆగుమన్న. ఎవరో "రూల్స్‌ల లేదు" అన్నరు. ఫైనల్‌ల నా ఎదురు పిల్ల అలేఖ్య, నిర్మల్‌ల డిగ్రీ చదువుతుందట. "ఆంటీ పోయి రానీయండి, నేను ఆగుత. ఆమె మంచిగ లేనప్పుడు గెలిస్తే నాకు నిద్ర రాదు" అన్నది. గంత చిన్న పిల్ల! సిద్దిరాములన్న తల ఊపిండు.

ఆ పిల్లకు దయ ఎంతనో చేతిల ఆట గూడ అంతే. మొదటి గేమ్ నన్ను ఆడనియ్యలే. రెండోది నేను గుంజుకున్న. మూడోదాంట్ల నాకు పంతొమ్మిది, ఆమెకు ఇరవై ఒకటి. ఇరవై ఐదు కొట్టినోళ్లదే కప్పు. ఆ బోర్డుల నాకు ఒక్క తెల్ల కాయిన్, రెడ్ మిగిలినయి. ఆమెకు నాలుగు నల్లవి. రెడ్ నా దిక్కే ఉన్నది, నా గీతకు ఎనుక, మూలకు. ముందుకు కొడితే రాదు. బొటనవేలితోని ఎనుకకు కొట్టాలె.

స్ట్రైకర్ గీత మీద పెట్టి బొటనవేలు ఆనించిన. కొట్టిన. రెడ్ జాలెల పడ్డది. చప్పట్లు షురూ చేస్తుంటే అంపైర్ చెయ్యెత్తిండు, రెడ్ ఎన్క కవర్‌గ నా తెల్లది గూడ పడాలె గదా. తెల్లది అవతలి మూలన నల్లదాన్ని ఆనుకొని ఉన్నది. గట్టిగ కొడితే రెండూ పోతయి. అంచుకు తాకీ తాకనట్టు వదిలిన. అది కదులుడు గూడ కనవడలే మమతా, అంత మెల్లగ పోయింది. జాలె కాడ ఆగింది. ఆగి పడ్డది.

నేను లేవలే. కుర్చీలనే ఉన్న. ఆ కుర్చీల ఇంకొంచెంసేపు ఉండాలెననిపించింది. అలేఖ్య వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "ఆంటీ, ఆ బొటనవేలు షాట్ నాకు నేర్పిస్తరా?" అన్నది. కళ్లల్ల నీళ్లున్నయి, అయినా అడిగింది. నస్పూర్ రమ్మన్న.

ప్రైజులిచ్చేటప్పుడు సిద్దిరాములన్న మైకుల "కిడ్నీలు పోయినా గుండె పోని మన అక్క" అని మొదలుపెట్టిండు. నాకు నచ్చలే. మైక్ ఇయ్యమన్న. అంతమంది ముంగట నేను ఎన్నడు మాట్లాడలే.

"గుండె గూడ పోయిందన్నా, పోలేదనకుండ్రి," అన్న. "పోయిన ఏడాది నాకు బతకాలెననే లేకుండె. ఇంట్ల డయాలసిస్ చేసుకుంట గదిల తలుపు పెట్టుకున్న. అది ధైర్యం లేక కాదు. ఒంట్లె హార్మోన్ తగ్గితే మెదడుకు పడాల్సిన సాయం పడలే, దానికి తోడు ఈ రోగం, ఒంటరితనం. మనసు డాక్టర్ కాడికి పోయిన. కిడ్నీకి మందు తీసుకున్నట్టే మనసుకు గూడ గోలీలు తింటున్న, ఇవ్వాల పొద్దున గూడ తిన్న. ఫైనల్ ఆడిన."

మొదలు ఎన్క దిక్కుకెల్లి ఒక్కలే చప్పట్లు కొట్టిండ్రు, ఎవ్వలో కాదు, ఈయనే. అటెన్క అందరు కొట్టిండ్రు. నీ పేరు చెప్పలే. అది నీ ఇష్టం.

దిగి వస్తుంటే ఒకామె గోడ పక్కన నిలవడి ఉన్నది. నా ఈడుదే. బిడ్డ ఆట చూడనీకె ఉట్నూర్‌కెల్లి వచ్చిందట. అందరు పోయేదాక ఆగింది. ఆమెకు కిడ్నీ రోగం లేదు. నాలుగు నెలల కింద నెలసరి ఆగిందట. అటెన్క ఏం చేసినా మనసున పడ్తలేదట. ఇంట్ల ఎవ్వలకు చెప్పలేదట. మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆగి, "మళ్ల నవ్వు వస్తదా అక్కా?" అని అడిగింది.

నేను డాక్టర్‌ను కాను గదా. ఆమెది ఏందో చూసి చెప్పుడు నాతోని కాదు. అయినా ఆమె నా మొఖమే చూస్తుంది.

"నాకైతే వచ్చింది," అన్న. "మెల్లగ వచ్చింది. డాక్టర్‌కు చూపించుకో, నేను గూడ వస్త నీతోని. ముందుగాల పా, చాయ్ తాగుదాం."

ఇద్దరం బయట చాయ్ బండి కాడ కూసున్నం. ఈయన నేను గెలిచిన కప్పు సంకల పెట్టుకొని రోడ్డు మీద నిలవడ్డడు, వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు చూపిచ్చుకుంట.

నీ
పద్ది